మంద వెంట తిమ్మమ్మ

మొగుడు మారెప్ప మీద పిడుగు పడిందన్న కబురు వచ్చేసరికి తిమ్మమ్మ పెరట్లో జబ్బుపడ్డ గొర్రెకు మందు తాపుతోంది. ఫోన్ మోగితే వెంటనే ఎత్తలేదు. చేతుల నిండా ఆకుపసరు. రెండోసారి మోగినప్పుడు అరుగు మీద నుంచి అత్త ఓబమ్మ కేకేసింది, "చూడమ్మా, వాడేమో" అని. వాడు కాదు. అతనితో పాటు మంద తోలుకుపోయిన ఓబిలేష్. మారెప్పకు చిన్నాయన కొడుకు. ఎప్పుడూ పక్క పొలానికి వినపడేలా మాట్లాడే మనిషి, ఆ రోజు గుసగుసగా, "వదినా, ఎవరన్నా మగోళ్లుంటే ఫోనియ్యి" అన్నాడు.

ఆ ఒక్క మాటతోనే ఆమెకు తెలిసిపోయింది.

వాళ్లది విడపనకల్లు దగ్గర, కర్ణాటక పొలిమేరకు ఆనుకున్న చిన్న పల్లె. గొర్రెలు కాచుకునే కురబ కుటుంబాలే ఎక్కువ. వానాకాలం కాసిన్ని చినుకులు పడితే బీళ్లలో గరిక లేస్తుంది. చలికాలం ముదిరేసరికి ఆ గరిక ఎండి, నేల ఎర్రగా బయటపడుతుంది. అప్పుడు మగవాళ్లు మందలు కలుపుకుని సిరుగుప్ప వైపు, తుంగభద్ర నీళ్లు పారే మళ్లకు పోతారు. వరి కోసిన పొలాల్లో గొర్రెలు మేస్తాయి. రాత్రిళ్లు ఏదో ఒక రైతు పొలంలో మంద పడుకుంటుంది. పొలానికి ఎరువు, కాపరికి బియ్యం. మళ్లీ తొలకరి పడ్డాక గాని ఇంటి ముఖం చూడరు. ఆడవాళ్లు ఊళ్లోనే ఉండి, నడవలేని గొర్రెల్నీ, అప్పుడే ఈనిన వాటినీ, ముసలివాళ్లనూ చూసుకుంటారు. ఓబమ్మ అట్లాగే బతికింది, ఆమె కోడలు తిమ్మమ్మా అట్లాగే బతికింది.

పెళ్లికి ముందు మాత్రం తిమ్మమ్మ బతుకు వేరు. వాళ్ల నాయనకు మగపిల్లలు లేరు. ఆ నాయన కూతురి భుజం మీద కంబళి వేసి, చేతికి కర్ర ఇచ్చి గుట్టల మీదికి తనతోపాటు తిప్పేవాడు. ఎక్కడ నీడ ఉందో, ఏ వంకలో చెలమ తవ్వితే నీళ్లు పడతాయో ఆమెకు తెలిసేది. పెళ్లయ్యాక కంబళి పెట్టెలోకి పోయింది. ఆ తర్వాత ఆమె తిరిగిన దూరమంతా విడపనకల్లు సంత, ఉరవకొండ ఆసుపత్రి, పుట్టింటి ఊరు. అక్కడికీ ఒంటరిగా పోయింది లేదు.

మారెప్ప చెడ్డవాడు కాదు. ఒక్కనాడు చెయ్యెత్తలేదు. మంద తిరిగొచ్చిన రోజు సంచిలోంచి ఏదో ఒకటి తీసి ఆమె ఒళ్లో వేసేవాడు. సిరుగుప్పలో కొన్న దువ్వెనో, దారిలోనే వాడిపోయిన మల్లెపూల దండో. అన్నం తింటూ తుంగభద్ర గురించి చెప్పేవాడు. "ఈ దరిన నిలబడితే ఆ దరిన ఉండే మనిషి చీమంత కనపడతాడు. ఎంత నీళ్లనుకుంటివి! మన హగరి ఏరు లెక్క ఉత్త ఇసక కాదు."

తిమ్మమ్మ కాలువలో నీళ్లు చూసింది గాని నది పారడం చూడలేదు.

"ఒక్క తూరి నన్నూ పిల్చుకపోరాదా? వంట నేను చేస్తా. పిల్లలేసిన గొర్రెల్ని నేను చూసుకుంటా" అని ఎన్నోసార్లు అడిగింది.

"నిన్ను రోడ్లెంబడి తిప్పితే నన్ను మనిషంటారా?" అని అతను నవ్వేవాడు. "ఎండకు మాడిపోతావే. నీడన ఉండు. నేనుండేది ఎందుకు?"

తిట్టి ఉంటే ఎదురు తిరిగేదేమో. ప్రేమగా అన్న మాటకు ఏమని ఎదురు తిరుగుతుంది? కూతురు సునంద పుట్టింది, పెరిగింది, అనంతపురంలో హాస్టల్లో ఉండి నర్సు చదువుకు పోయింది. తిమ్మమ్మ మాత్రం నీడనే ఉండిపోయింది.

అతన్ని టెంపోలో ఇంటికి తెచ్చారు. వాన మొదలవుతుంటే తుమ్మచెట్టు కిందికి పోయి నిలబడ్డాడట. ఓబిలేష్ గొర్రెల్ని మళ్లించడానికి కాస్త దూరంగా ఉండబట్టి బతికాడు. ఊరు ఊరంతా ఏడ్చింది. సునంద తండ్రి కాళ్లు పట్టుకుని లేవలేదు. తిమ్మమ్మకు మాత్రం కన్నీళ్లు రాలేదు. లోపల ఏదో గడ్డకట్టుకుపోయినట్టుంది. గాజులు తీసేటప్పుడు చేతులు ముందుకు చాచింది, తీశాక వెనక్కి తీసుకుంది. "పాపం, దిగులుతో రాయైపోయింది" అన్నారు జనం.

దినాలు అయిన మరునాడు మారెప్ప అన్న కుళ్లాయప్ప అందర్నీ వసారాలో కూర్చోబెట్టాడు. మోకాళ్ల నొప్పులతో అతను మందతో పోవడం మానేసి చాలా కాలమైంది. ఇంటికి పెద్ద, మాట కఠినం, మనసు మంచిదే.

"మంద ఆడనే ఉండాది. ఓబిలేష్ ఒక్కడు రెండు మందలు యెట్ల తోలకొస్తాడు? ఆడనే సంతలో అమ్మేద్దాం. తిమ్మమ్మ నా ఇంట్లో ఉంటాది. తిండికీ బట్టకీ లోటు లేకుండా చూసుకుంటాం. సునంద పెండ్లి నా పూచీ" అన్నాడు.

ఎవరికీ తప్పు కనపడని మాట. అందరూ తలలూపారు. తలుపు పక్కన కూర్చున్న తిమ్మమ్మ, ఎవరూ అడగకుండానే, "గొర్లను అమ్మద్దు బావా. నేను పోయి తోలకొస్తా" అంది.

తన గొంతు తనకే కొత్తగా వినపడింది తిమ్మమ్మకు.

"ఏమంటివమ్మా?"

"నేను పోతానంటాండా."

"ఆడదానివి మందెంబడి యాడికి పోతావు? మొగుడు పోయి ఇంగా నెల కాలేదు. మూల వదిలి బయట అడుగు పెట్టగూడదు. నలుగురు ఏమంటారు?"

"నలుగురు ఒగ పూట అంటారు, మర్సిపోతారు. ఆ గొర్లలో సగం నా చేతి మీద పెరిగినవే. వాటిని కసాయోళ్లకిచ్చి నేను నీ ఇంట్లో అన్నం తినలేను."

కుళ్లాయప్ప ఏదో అనబోయాడు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్న ఓబమ్మ, కళ్లు తెరవకుండానే కొడుకును ఆపింది.

"పోనీరా కుళ్లాయా. మీ నాయన పోయినప్పుడు నేను యాడాది మూలన కూకుంటి. ఎవరికేమొచ్చె? నడుములు పట్టుకుపోయె, అంతే."

"అది గాదమ్మా..."

"గమ్మునుండు. నీకు మనసొప్పకుంటే నువ్వే పోయి దిగబెట్టి రా."

అట్లా మోకాళ్లు నొక్కుకుంటూ కుళ్లాయప్పే ఆమెను బళ్లారి మీదుగా బస్సుల్లో తీసుకుపోయాడు. దారిపొడుగునా ముఖం ముడుచుకునే ఉన్నాడు. అయినా బళ్లారి బస్టాండులో దిగి ఆమె పాదాల వైపు ఓసారి చూసి, ఏమీ అడగకుండా పోయి టైరు చెప్పులు కొనుక్కొచ్చాడు. "ఆ రబ్బరు చెప్పులు ముండ్లకు ఆగవు" అని అవతలికి తిరిగి అన్నాడు. ఓబిలేష్‌కు ఆమెను అప్పగించి, నీళ్లు కూడా తాగకుండా తిరుగు బస్సెక్కాడు.

మంద భద్రమ్మ అనే రైతుభార్య పొలంలో ఉంది. ఆ పక్కనే గట్టు మీద నిలువునా చీలిన తుమ్మచెట్టు. ఎవరూ చెప్పకుండానే తిమ్మమ్మ దాని దగ్గరికి నడిచింది. మాను మీద పైనుంచి కింది దాకా తెల్లటి గీత. చేత్తో తాకి చూసింది. వెనక నుంచి భద్రమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఆ పక్క ఊళ్లలో తెలుగూ కన్నడమూ రెండూ కలిపి మాట్లాడతారు.

"మారెప్పన్న పెండ్లామా నువ్వు? నీ గురించి శానా చెప్తాండె. నా పెండ్లాం గొర్రె నడక చూసి దానికేం రోగమో చెప్తాదని. ఈడ కూకోని పాటలు పాడ్తాండె. నవ్విచ్చి నవ్విచ్చి సంపుతాండె."

తిమ్మమ్మ తలెత్తి చూసింది. పాటలా? ఇంట్లో మారెప్ప పాడగా ఆమె ఎన్నడూ వినలేదు. ఇంట్లో అతను ఇంటి పెద్ద; మీసం సవరించుకుని, తక్కువ మాట్లాడి, గంభీరంగా తిరిగేవాడు. ఈ పొలంలో పాటలు పాడే మారెప్ప ఒకడున్నాడన్నమాట. తలమీద ఇంత ఆకాశం పెట్టుకుని, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర లేకుండా, ఏడాదిలో సగం రోజులు బతికాడన్నమాట. తన గురించి ఊరి నిండా చెప్పుకున్నాడు గాని, తనను మాత్రం ఒక్కనాడు రానివ్వలేదు.

అప్పుడు వచ్చింది ఏడుపు. అతను పోయినందుకు ఎంత ఏడ్చిందో, ఇదంతా తనకు తెలియనివ్వకుండా పోయినందుకూ అంతే ఏడ్చింది. గట్టు మట్టిని పిడికిళ్లతో కొడుతూ, "ఇదంతా నువ్వొక్కనివే చూసినావా? ఒక్కనివే చూసినావయ్యా?" అని పొగిలి పొగిలి ఏడ్చింది. భద్రమ్మ ఊరుకోమని అనలేదు. ఏడుపు ఆగేదాకా పక్కన కూర్చుని, ఆ తర్వాత ఇంటికి తీసుకుపోయి వేడివేడిగా జొన్నరొట్టె పెట్టింది.

మరునాడు తెల్లవారుతూనే మంద కదిలింది. ఓబిలేష్ ముందు, తిమ్మమ్మ వెనక. పెట్టెలోంచి తీసి తెచ్చుకున్న కంబళి భుజం మీద ఉంది. మొదట్లో నాలుగడుగులు వేయగానే ఎవరో వెనక్కి పిలుస్తారని అనిపించేది. ఎవరూ పిలవలేదు. అలిసినప్పుడు ఆగింది. దాహమైనప్పుడు తాగింది. కాలువ గట్టు మీద ఒక తెల్లకొంగ గొర్రె వీపు మీద వాలితే నిలబడి తనివితీరా చూసింది. ఇంటికి పోయి పొయ్యి వెలిగించాలన్న తొందర లేదు. మధ్యాహ్నానికల్లా, ఒంటినిండా దుమ్ముతో, మడమలు మండుతూ ఉంటే, ఆమెకు హఠాత్తుగా తెలిసింది, తాను సంతోషంగా ఉన్నానని. తెలిసి భయపడింది. మొగుడు పోయి నెల తిరగలేదు. ఇదేం మనసు? ముఖం మీదికి కొంగు లాక్కుంది. ఆ సంతోషం మాత్రం కొంగు కింద కూడా అట్లాగే ఉంది.

ఊరి దారికి మళ్లే చోట ఆమె ఆగింది.

"ఓబిలేషూ, నది యాడుండాది?"

"అది ఇంగొగ దిక్కు వదినా. శానా చుట్టవుతాది."

"గొర్లకు నీళ్లు తాపినట్లయితాది. పా."

ఓబిలేష్ తల గోక్కుని మందను మళ్లించాడు.

సాయంత్రపు వెలుగులో తుంగభద్ర కనపడింది. ఎండాకాలపు నది. పెద్ద పెద్ద బండల మధ్య నాలుగైదు పాయలుగా పారుతోంది. అవతలి దరిన బట్టలుతుకుతున్న ఆడమనిషి చీమంత కాదు కదా, చేతికున్న గాజుల రంగుతో సహా కనపడుతోంది. తిమ్మమ్మ ఒక క్షణం తెల్లబోయింది. తర్వాత నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు.

"చీమంతనంట! ఎంత కోతలు కోసినావయ్యా" అంటూ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగింది. పాదాల కింద ఇసుక జారుతోంది. నీళ్లు కాళ్లను తోసుకుంటూ పోతున్నాయి. కాలువలో నీళ్లకు ఈ బలం లేదు. చీర మోకాళ్ల దాకా తడిసిపోయినా, గొర్రెలు తాగి గట్టెక్కినా, ఆమె అక్కడే నిలబడి ఉంది. ఓబిలేష్ తొందరపెట్టలేదు.

ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక మధ్యాహ్నం పడమర నల్లగా మూసుకొచ్చింది. నల్లరేగడి చేలు, ఎక్కడో ఒక చింతచెట్టు తప్ప తలదాచుకునే చోటు లేదు. మొదటి ఉరుముకే ఓబిలేష్ ముఖం పాలిపోయింది. గొర్రెలు చెట్టు వైపు పరుగెత్తాయి. వాటి వెనకే అతనూ, కళ్లు కనపడనివాడిలా.

"ఓబిలేషూ! చెట్టు కాడికి పోవద్దు! ఇట్ల రా!"

అతనికి వినపడలేదు. తిమ్మమ్మ కర్ర పారేసి పరుగెత్తి చొక్కా పట్టుకుని లాగింది. పొలంలో పల్లంగా ఉన్నచోటికి ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టింది. మళ్లీ లేచి, నోటితో సద్దు చేస్తూ, గడ్డలు విసురుతూ గొర్రెల్ని చెట్టు నుంచి మళ్లించింది. వాళ్ల నాయన నేర్పిన కూత అది. అన్నేళ్లుగా గొంతులో దాగున్నది ఇప్పుడు బయటికొచ్చింది. వాన కుండపోతగా దిగింది. ఆమె ఓబిలేష్‌కు కాస్త ఎడంగా, కంబళి కప్పుకుని, మోకాళ్లలో తల దూర్చి కూర్చుంది. అతను చిన్నపిల్లవాడిలా వణుకుతున్నాడు.

"అన్న గూడా చెట్టు కిందికే పాయె వదినా. పిలిస్తిని. ఇనలేదు."

"తెలుసప్పా. నీ తప్పేం లేదు. తల దించుకో."

పిడుగు ఎక్కడో అవతల పడింది. చింతచెట్టుకు ఏమీ కాలేదు. పడుతుందో లేదో ముందే ఎవరికి తెలుసు? వాన తెరిపిచ్చాక ఇద్దరూ తడిసి ముద్దై లేచి గొర్రెల్ని చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. పైగా ఒక గొర్రె ఆ వానలోనే ఈనింది. తిమ్మమ్మ తడి కంబళిని గట్టిగా పిండి, పిల్లను అందులో చుట్టుకుని, ఊరి దాకా చంకనెత్తుకుని నడిచింది.

మంద ఊళ్లోకి వస్తుంటే జనం గడపల్లో నిలబడి చూశారు. కొందరు ముఖాలు తిప్పుకున్నారు. కుళ్లాయప్ప కుంటుకుంటూ ఎదురొచ్చి, ఆమె చంకలోని పిల్లను అందుకున్నాడు. ఓబిలేష్ అప్పటికే చింతచెట్టు సంగతి వీధి వీధికీ చెప్పుకుంటూ వస్తున్నాడు, ఎప్పటిలాగే పక్క పొలానికి వినపడేంత గట్టిగా.

ఇంట్లోకి పోయాక, కాళ్లకు వేడినీళ్లు పోస్తున్న అత్తతో తిమ్మమ్మ మెల్లగా అంది.

"అత్తా, నీకొగటి చెప్పాల. ఆయన గుర్తుకొచ్చి శానా ఏడిస్తిని. కానీ ఆ దారెంబడి నాకు సంతోషంగా గూడా ఉన్నింది. నేనేమన్నా చెడ్డదాన్నా?"

ఓబమ్మ చెంబు కింద పెట్టింది. కొడుకు పోయిన తల్లికి ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో!

"వాడు పోయినాడని నాకు లోపలంతా కాల్తానే ఉండాది. నువ్వు గూడా మూలన కూకుంటే ఆ మంట చల్లారతాదా?" అంది చివరికి. తర్వాత కొంగుతో కోడలి పాదాలు తుడుస్తూ అడిగింది, "నది యెట్లుండాది చెప్పు. మీ మామ గూడా శానా చెప్పేటోడు."

"చిన్నదే అత్తా. వీళ్లు చెప్పినంత లేదు."

ముసలామె బోసినవ్వు నవ్వింది. "నాకప్పుడే అనుమానం."

ఆ చలికాలం మంద మళ్లీ కదిలినప్పుడు, తిమ్మమ్మ పోతుందా అని ఎవరూ అడగలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె సద్ది కట్టుకుని బయల్దేరింది, అంతే. హాస్టల్ నుంచి సునంద మాత్రం ఫోన్‌లో పోట్లాడింది. "నాయన ఆడనే పోయినాడు. నువ్వు గూడా ఆడికే పోతానంటే నేనెట్ల చదువుకునేదమ్మా?" అని ఏడ్చింది. తిమ్మమ్మ బతిమాలలేదు. సెలవుల్లో కూతుర్నే అక్కడికి రమ్మంది. వచ్చిన పిల్ల నాలుగు రోజులుండి, ఎండకు నల్లబడి, తల్లి ఓ గొర్రెకు కాన్పు చేస్తుంటే చేతులు కడుక్కుని పక్కన సాయానికి కూర్చుంది. తర్వాత ఫోన్‌లో పోట్లాట ఆగింది. ఉరుములు వస్తే ఏం చేయాలో మాత్రం ప్రతిసారీ చెప్పేది, తల్లికి తెలియనట్టు.

ఏడాది తిరిగాక గంగాధరప్ప అనే ఆయన పెళ్లి మాట అడగమని మనిషిని పంపాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు, సొంత బోరు కింద చేను ఉన్నవాడు. కుళ్లాయప్ప ఆ మాట తెచ్చినప్పుడు తిమ్మమ్మకు కోపం రాలేదు. ఆ మనిషిని సంతలో చూసింది, మంచివాడే.

"ఆయప్ప మంచోడే బావా. నన్ను బాగానే చూసుకుంటాడు. నీడన కూకోబెడతాడు" అంది. "ఇప్పటికైతే నాకు పెండ్లి మీద మనసు పోలేదు. రేపు పోతే నేనే వచ్చి నీకు చెప్తా."

కుళ్లాయప్ప "సరే తల్లీ" అన్నాడు. ఒకప్పుడైతే అనేవాడు కాదు.

ఈ ఏడు మంద బయల్దేరే రోజు కొత్త చిక్కొచ్చింది. ఓబిలేష్ భార్య జ్యోతిలక్ష్మి, పెళ్లై రెండేళ్లయిన పిల్ల, మూట కట్టుకుని వాకిట్లో నిలబడింది.

"నేనూ వస్తా" అంది.

ఓబిలేష్ కంగారుగా తిమ్మమ్మ వైపు చూశాడు. "వదినా, నువ్వన్నా చెప్పు. ఎండలు, ముండ్లు, పురుగూ పుట్రా. ఈమె యాడ తట్టుకుంటాది? ఇంట్లో నీడన..."

అంటూనే ఆగిపోయాడు. ఎవరి ముందు ఏ మాట అంటున్నాడో తెలిసొచ్చింది కాబోలు.

"ఏమప్పా, నన్నడుగుతావేమి? వచ్చేది ఆ పిల్ల. నడిచేది ఆ పిల్ల కాళ్లు" అని తిమ్మమ్మ జ్యోతిలక్ష్మి వైపు తిరిగింది. "మొదటి రోజు బొబ్బలొస్తాయి. రెండో రోజు ఏడుపొస్తాది. ఇంటికి పోవాలనిపిస్తే సిగ్గుపడొద్దు, బస్సెక్కిస్తా. ఉండాలనిపిస్తే ఉండు."

"ఉంటాను అక్కా."

"చూద్దాం. ముందా గిన్నెల మూట నాకియ్యి, నువ్వు ఈ కర్ర పట్టుకో. పొటేలు పక్కకు పోతే కొట్టొద్దు, కర్ర అడ్డం పెట్టు చాలు."

ఓబిలేష్ మందను అదిలిస్తూ ముందుకు నడిచాడు. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఊరు దాటిన కాసేపటికే పొటేలు బాట వదిలి కంది చేనువైపు మళ్లింది. జ్యోతిలక్ష్మి చెప్పులు టపటపలాడిస్తూ దాని వెనక పరుగెత్తింది. కర్ర అడ్డం పెట్టడానికి ఎటు తిరగాలో తెలియక రెండు సార్లు తనే దాని చుట్టూ తిరిగి, చివరికి పగలబడి నవ్వుతూ గట్టు మీద కూలబడింది. తిమ్మమ్మ గిన్నెల మూట నెత్తిన సర్దుకుని, నవ్వు ఆపుకుంటూ, ఎట్లా మళ్లించాలో చూపించడానికి చేనువైపు నడిచింది.